ఆఖరి మడికి వదిలిన నీళ్లు

డిసెంబరు, రెండో ఆదివారం. చలి గట్టిగా ఉంది, ఏడు దాటినా మంచు విడవలేదు. పొద్దున ఐదింటికి లేచి మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగాను. అడుగున వేలెడు మందం మట్టి పేరుకుంది. మూత తోమి, ఎండ వస్తే ఆరుతుందని పిట్టగోడకు ఆనించాను. ఏ రోజు పని ఆ రోజు రెండు ముక్కల్లో నోట్‌బుక్కులో రాసుకోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఈ బ్లాగులో పెట్టేవన్నీ ఆ నోట్‌బుక్కులోంచి తీసి కాస్త సాపు చేసినవే. ఈసారి సాపు చేయడానికి పది రోజులు పట్టింది. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఒకరి వాడ పేరు కావాలనే రాయలేదు.

నాది కోరుట్ల. మోటార్లకు వైండింగ్ చేస్తాను. చదువు ఏడో తరగతితో ఆగింది. ఇంగ్లీషు నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను, మొదట మోటార్లతో వచ్చే కాగితాలు చదవడానికి, తరవాత ఆటల పుస్తకాలు చదవడానికి. కొత్త తరహా బోర్డు గేములు తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇవి పచ్చీసులాగా గవ్వలు ఎట్లా పడితే అట్లా నడిచేవి కావు. పెద్ద అట్టపెట్టెలో బోర్డు, చెక్క ముక్కలు, కార్డులు, ఇరవై పేజీల రూల్సు పుస్తకం వస్తాయి. ఆలోచించి ఆడాలి, ఎదుటివాళ్లతో బేరాలాడాలి. ఒక్కో ఆట గంట, రెండు గంటలు పడుతుంది. నిజామాబాద్‌లో ఇర్ఫాన్ భాయ్ అనే ఆయన జిరాక్స్ దుకాణం నడుపుతాడు. ఆ దుకాణం పై గదిలో ఆదివారాలు ఇలాంటి ఆటలు ఆడతారు. నాలుగేళ్లుగా నెలకు ఒకటి రెండుసార్లు నేను అక్కడికి పోతున్నాను. రూల్సు పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి వాటిని తెలుగులో నోట్‌బుక్కులో రాసి ఇచ్చే పని నా మీద పడింది. ఇర్ఫాన్ భాయ్ వాటిని జిరాక్స్ తీసి అందరికీ పంచుతాడు. నేను మాట్లాడడం తక్కువ. ఆ గదిలో నా బదులు నా రాత మాట్లాడేది. అది నాకు చాలా బాగుండేది.

ఈ ప్రయాణం ఎందుకు చేశానో చెప్పాలంటే నిరుటి ఎండాకాలం దగ్గర మొదలుపెట్టాలి. మా గదిలో అందరికీ ఇష్టమైన ఆట ఒకటుంది, కాలువల ఆట అంటాం. నలుగురు ఆడాలి. బోర్డు మీద ఒక కాలువ, దాని వెంట వరసగా నాలుగు పొలాలు. తూము దగ్గర కూర్చున్నవాడు సంచిలోంచి నీలం ముక్కలు తీస్తాడు, అవే నీళ్లు. తన పొలానికి కావలసినన్ని పెట్టుకుని మిగిలినవి పక్కవాడికి వదులుతాడు. ఆఖరి పొలానికి తరచూ ఏమీ మిగలదు. ప్రతి రౌండుకూ తూము చేతులు మారుతుంది. చివర ఎవరి పొలం ఎక్కువ పండితే వాళ్లు గెలిచినట్టు. నిరుడు ఈ ఆట మీద చిన్న పోటీ పెట్టుకున్నాం, గెలిచినవాళ్లకు ఒక కొత్త ఆట పెట్టె ప్రైజు. చివరి ఆటలో నలుగురిలో ఇద్దరు బోధన్ వైపు వాళ్లు. ఒకరు గంగారాం, చెరుకు రైతు, యాభై దాటిన మనిషి. ఇంకొకరు సుజాత, బీడీలు చుట్టే ఇల్లాలు. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఆదివారం పొద్దుటి బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేది. ఆమె ఆడే తీరు చూసి ఇర్ఫాన్ భాయ్ “ఈ అమ్మకు ముక్కలు కూడా భయపడతయి” అనేవాడు.

ఆఖరి రౌండులో తూము గంగారాం చేతికి వచ్చింది. మూడు నీలం ముక్కలు తీశాడు. మూడూ తన పొలంలో పెట్టుకుంటే గెలుపు ఆయనదే. ఆయన ఒకటి పెట్టుకుని, రెండు ముక్కలు మధ్య ఇద్దరినీ దాటించి నేరుగా ఆఖరి పొలంలో పెట్టాడు. ఆఖరి పొలం సుజాతది. నేను తీర్పు చెప్పే మనిషిని. నా నోట్‌బుక్కులో అలాంటి రూలు లేదు. “మీరిద్దరు ఒకే బస్సుల వచ్చిండ్రు. ముందే మాట్లాడుకున్నరు. చెల్లదు” అన్నాను. అంతే అన్నాను. ఇద్దరినీ ఆటలోంచి తీసేశాను. గంగారాం “నువ్వు రాసిందే కదనే అన్నా, నువ్వే చెప్పాలె” అని లేచి చెప్పులేసుకున్నాడు. సుజాత సంచి తీసుకుని మెట్లు దిగింది. ఆ తరవాత ఇద్దరూ మళ్లీ రాలేదు. అలిగారనుకున్నాం.

పోయిన నెల ఇర్ఫాన్ భాయ్ ఆ ఆట పెట్టె నాకిచ్చి, జిరాక్స్ కాగితాలు మాసిపోయాయి, కొత్తగా రాసివ్వమన్నాడు. ఈసారి అట్ట నుంచి అట్ట దాకా చదివాను. పుస్తకం చివరి పేజీలో ఆ కంపెనీ వాళ్ల ఇంకో ఆట ప్రకటన ఉంది. మొదటిసారి రాసినప్పుడు ఆ పేజీ అంతా ప్రకటనేనని మూసేశాను. ప్రకటన పైన, సన్న అక్షరాలతో, ఒక చిన్న డబ్బా గీసి ఉంది. తూము దగ్గరివాళ్లు కావాలంటే ఆఖరి పొలానికి నేరుగా నీళ్లు వదలవచ్చు, అలా వదిలినవాళ్లకు ఆట ముగిశాక రెండు పాయింట్లు అదనం. దాన్ని నాలుగుసార్లు చదివాను. నిరుటి ఆట పాయింట్లు నా నోట్‌బుక్కులో ఉన్నాయి. మళ్లీ కూడి చూశాను. గంగారాం కంటే ఒక్క పాయింటు ఎక్కువతో సుజాత గెలవాలి. ఈ సంగతి ఫోనులో చెప్పేది కాదనిపించింది.

ఏడున్నర బస్సు ఎక్కాను. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ దాదాపు రెండు గంటలు. నిజామాబాద్‌కు రైలు కూడా ఉంది కానీ దాని వేళలు ఆటకు కుదరవు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆదివారం బస్సు కిటకిటలాడుతుంది, కూర్చోవాలంటే స్టాండులోనే ఎక్కండి. నా ఒళ్లో ఆట పెట్టె చూసి కండక్టరమ్మ “గా డబ్బల ఏందన్నా, మిఠాయా?” అంది. ఆట అన్నాను. “పిల్లలకా?” పెద్దలకు అన్నాను. “పెద్దలకు ఆటలేందే, గిన్ని పనులు పెట్టుకొని!” అంటూ టికెట్టు చించింది. వెనక సీటులో పసుపు రైతు ఒకాయన “మా అసొంటోళ్లం రోజు మార్కెట్ల ఆడుతనే ఉన్నం కదమ్మా, గెల్సుడే లేదు” అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆర్మూర్ దాటాక మంచు పలచబడింది. గంగారాంతో ఏమనాలో మనసులో రాసుకుంటూ పోయాను. రాసిన ప్రతిసారీ నాలుగు మాటలు ఎక్కువయ్యాయనిపించి కొట్టేశాను.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ఖలీల్‌వాడి దాకా నడిచాను. పావుగంట నడక. ఆడాలని వచ్చేవాళ్లకు వివరాలు ఇవి. ఆదివారం పదింటి నుంచి ఐదింటి దాకా గది తెరిచి ఉంటుంది. మనిషికి యాభై రూపాయలు, అందులోనే రెండుసార్లు చాయ్. పెట్టె తెచ్చుకోనక్కర్లేదు, గోడ బీరువా నిండా ఆటలున్నాయి. ఆట రాకపోయినా ఫర్వాలేదు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పుతారు. గెలిచినవాళ్లు బల్ల సర్ది, ముక్కలు లెక్కపెట్టి పెట్టెలో వేయాలన్నది ఆ గది ఆచారం. ఓడినవాళ్లు చాయ్ తాగుతూ చూస్తుంటారు.

కింద జిరాక్స్ మిషను దగ్గరే ఇర్ఫాన్ భాయ్‌కి చెప్పాను. పుస్తకం చివరి పేజీ తీసి వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి చదివాడు.

“అరె యార్! అంటె గంగారాం భాయ్ చేసింది సహీ ఉండె.”

“ఆఁ.”

“ఏడాదిన్నర అయిందిగద భాయ్. ఇప్పుడు గదంతా ఎందుకు తోడుడు? కొత్త నోట్‌బుక్కుల రాసినవు కద, బస్.”

“పోయి చెప్పాలె.”

“ఫోన్ చెయ్యి.”

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నా ముఖం చూసి పుస్తకం మూసిచ్చాడు. “సరే, పైన ఉన్నోళ్లకన్న చెప్పు మరి. అందరి ముందట అన్నవు కద” అన్నాడు.

పైన మూడు బల్లల మీద ఆటలు నడుస్తున్నాయి. పదహారు మంది ఉన్నారు. ఒక బల్ల దగ్గర నలుగురూ కలిసి వరదను ఆపే ఆట ఆడుతున్నారు, గెలిస్తే అందరూ గెలుస్తారు, మునిగితే అందరూ మునుగుతారు. నన్నూ కూర్చోబెట్టారు. పక్కనే కొత్తగా వచ్చిన నర్సు ఒకామె చేతిలో నా పాత నోట్‌బుక్కు జిరాక్స్ ఉంది. “ఇవి రాసింది మీరేనా సార్? మస్తు సమజైతయి. మాకు ఇంగ్లీషు పుస్తకం చూస్తెనే నిద్రొస్తది” అంది. చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. “ఆఁ” అని నా వంతు ముక్క జరిపాను. మేం వరదలో మునిగిపోయాం, బల్ల చుట్టూ గోలగోలగా నవ్వారు, నేను పన్నెండింటికి లేచాను. పెట్టె, పుస్తకం ఇర్ఫాన్ భాయ్‌కి అప్పగించి బస్టాండుకు నడిచాను. ఆ రోజు చెప్పకుండా దాటేసిన చోట్లలో అది మొదటిది.

బోధన్ బస్సులు పావుగంట, ఇరవై నిమిషాలకొకటి దొరుకుతాయి. జానకంపేట, ఎడపల్లి మీదుగా గంట లోపే. ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా యాసంగి నార్లు, మధ్య మధ్య చెరుకు. గడలు నింపుకున్న ట్రాక్టర్లు ఎదురొస్తే బస్సు పక్కకు దిగి ఆగాల్సి వచ్చింది. బోధన్‌లో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ దూరం నుంచే కనిపిస్తుంది. ఈ చెరుకంతా ఇప్పుడు వేరే ఊళ్లకు పోతోంది. మార్కెట్టులో సగం బేరాలు మరాఠీలో వినిపించాయి. జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను, ఎనభై రూపాయలు, బాగుంది. అక్కడి నుంచి గంగారాం ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

ఆటో అతను “ఎవలింటికే?” అన్నాడు.

“గంగారాం. లష్కర్ కొడుకు.” లష్కర్ అంటే నిజాంసాగర్ కాలువ మీద తూములు తెరిచి మూసే మనిషి. గంగారాం తండ్రి ఆ పని చేసి రిటైరయ్యాడు.

“ఆటల గంగారామా? గట్ల చెప్పు. ఐతారం ఆయింట్ల జాతరే. మా మామ పొద్దుగాల పోతె బువ్వకు కూడ రాడు, మా అత్త తిట్టుడే తిట్టుడు.”

నాకు అర్థం కాలేదు. ఆట మానేశాడనుకున్న మనిషి ఇంట్లో జాతరేమిటి?

ఇంటి ముందు రేకుల కొట్టం కింద నలుగురు పీటల మీద కూర్చున్నారు. మధ్యలో నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క. దాని మీద పెయింటుతో కాలువ, నాలుగు పొలాలు. నీలం ముక్కల బదులు నీలం రంగు పూసిన సీసా మూతలు. అచ్చం మా కాలువల ఆటే. కొట్టం గుంజకు ప్లాస్టిక్ కవరులో పెట్టి మేకు కొట్టిన కాగితాలు వేలాడుతున్నాయి. దగ్గరికి పోకముందే గుర్తుపట్టాను. అది నా చేతిరాత.

“రా అన్నా, రా రా. గింత దూరం వచ్చినవ్, ఒక ఫోనన్న చెయ్యకపోతివి” అంటూ గంగారాం లేచి పీట వేశాడు. ఇంట్లోకి చూసి “ఓ సాయవ్వా, కోరుట్ల అన్న వచ్చిండు, చాయ్ పెట్టు” అని కేకేశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉంటే నాకు తేలికయ్యేది.

పోశెట్టి అనే ముసలాయన ఆటలోంచి లేచి నాకు చోటిచ్చి, వెనక నిలబడ్డాడు. నాకొచ్చింది ఆఖరి పొలం, కాలువ కింది రైతులు టేలు అనేది. “కోరుట్లాయనకు టేలు దొరికింది. ఇగ సూస్కో, నీ పొలం నెర్రెలు వారుడే” అన్నాడు పోశెట్టి. రెండు రౌండ్లు పోయాయి. నాకు ఒక్క మూత వచ్చింది. మూడో రౌండులో తూము గంగారాం చేతికి వచ్చింది. సంచిలోంచి నాలుగు మూతలు తీశాడు.

“అరె, ఇంటికొచ్చిన సుట్టం ఎండిపోతుండు. రెండు మూతలు వదులు గంగారాం” అన్నాడు పోశెట్టి.

గంగారాం చెయ్యి రెండు మూతలతో నా పొలం వైపు జరిగింది. సగం దాకా వచ్చి ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. “రూలు లేదు. రాసినాయన గీడనే కూసున్నడు, అడుగుండ్రి.”

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు. ఈ ఊళ్లో ఏడాదిన్నరగా, కాలువ కింద పుట్టి పెరిగిన ఈ మనుషులు, నా కాగితం చూసి ఆఖరి మడిని ఎండబెడుతూ ఆడుతున్నారు.

“రూలు ఉంది” అన్నాను. “పుస్తకంల ఉంది. నేనే రాయలే. ఆఖరి పేజీ చదవలే.”

గంగారాం మూతలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“ఎప్పుడు సూసినవ్?”

“పోయిన నెల.”

“నేను రూలు తెల్సి చెయ్యలే అన్నా. మా బాపు చిన్నప్పటి సంది చెప్పేటోడు. ఆఖరి మడికి పారినంకనే తూము కాడి మడి తడవాలె, లేకుంటె టేలోడు రాత్రికి గడ్డపార పట్టుకొని వస్తడని. గా రోజు చెయ్యి దానంతట అదే పోయింది. ఆడ కూసున్నది ఎవలని కూడ సూడలే.”

“తప్పయింది గంగారాం. నీ మీద అనవసరంగ అన్న. నువ్వు అలిగి రావట్లేదని—”

“అలుగుడేంది?” అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు మారింది. ఆడుతున్నవాళ్లను చూసి, నన్ను కొట్టం బయటికి, బోరు దగ్గరికి తీసుకుపోయాడు. “ఆటల చెల్లదు అంటె చెల్లదు. దానికి నేను అలుగుతనా? నువ్వు ఒకే బస్సుల వచ్చిండ్రు, ముందే మాట్లాడుకున్నరు అన్నవ్. గా మాట నీకంటె ముందుగాల బోధన్ చేరింది. గదిల ఉన్నోళ్లు ఎవలో నవ్వులకు చెప్పుకున్నరు. ఆ పిల్ల మొగడు దేశంల లేడు. సమజైతుందా? నేను గా బస్సు ఎక్కుడే బంద్ చేసిన. ఆడోళ్లు ఎక్కే యాళకు స్టాండు కాడికి కూడ పోను. గట్లన్న ముచ్చట సల్లబడుతదని.”

నేను అన్న మాటలను నేను మొదటిసారి బయటి నుంచి విన్నాను. ఆటలో కుమ్మక్కు అనే అర్థంతోనే అన్నాను. ఆ మాటలకు ఇంకో చెవి ఉంటుందని అప్పుడు తట్టలేదు. తక్కువ మాట్లాడేవాడు ఆచితూచి మాట్లాడతాడని లోకం అనుకుంటుంది, నేనూ అదే అనుకున్నాను.

“నాకు చెప్పినవు, సరే. పోయి ఆ పిల్లకు చెప్పు” అన్నాడు గంగారాం. “నేను రాను. నేనొస్తె మల్ల మొదటికొస్తది.”

చాయ్ గ్లాసులతో వచ్చిన ఆయన భార్య సాయవ్వ అంతా విన్నది. “నువ్వొక్కనివి పోతె మంచిగుండదన్నా. ఎవడో మొగోడు ఎతుక్కుంట వచ్చిండని ఇంకో కథ లేస్తది. చాయ్ తాగు, నేనొస్త పద” అని కొంగుతో చేతులు తుడుచుకుంది.

బోధన్‌కు తిరిగి వచ్చేసరికి మూడున్నర. సుజాత ఇంటి అరుగు మీద ఎండ ఉంది. ఆమె, అత్త ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. నన్ను చూసి ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచాయి. సాయవ్వ అత్త పక్కన కూర్చుని “అవ్వా, ఈ అన్న కోరుట్ల నుంచి వచ్చిండు. ఒక మాట చెప్పి పోతడట, ఇను” అంది.

బస్సులో రాసుకున్నవేవీ గుర్తు రాలేదు. “ఆ రోజు వీళ్లు ఏం మాట్లాడుకోలే. తప్పు చెయ్యలే. రూలు నేనే తప్పు రాసిన, నేనే తప్పు అన్న” అని చెప్పాను. అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది.

“ఆటల తప్పా? గా ఆటల తప్పు మస్కట్ దాక పోయింది బిడ్డా. నా కొడుకు నెల దినాలు దీనితోని మాట్లాడలే. ఎవని పక్కన కూసున్నవ్, ఏం మాట్లాడినవ్ అని నేను కూడ అడిగిన. ఎందుకు అబద్ధమాడాలె?” అని దారం కొరికింది.

సుజాత తల ఎత్తలేదు. “అయితె గా రోజు గెల్సింది ఎవలు?” అంది.

“నువ్వే. ఒక్క పాయింటుతోని.”

“నిజంగ?”

“మల్ల కూడి చూసిన.”

“అంటె గా ప్రైజు డబ్బా నాదే ఉండె?”

“నీదే.”

“ఏం ఆట ఉండె అండ్ల?”

“ద్రాక్షతోటల ఆట.”

ఆమె నవ్వింది. అత్త కూడా, ఎందుకో తెలియకుండానే, కొంచెం నవ్వింది. ఆ నవ్వు ఆగాక సుజాత ఆ పేజీ ఉందా అని అడిగింది. పుస్తకం నిజామాబాద్‌లో పెట్టెతో పాటే అప్పగించి వచ్చాను. ఇర్ఫాన్ భాయ్‌కి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో ఫొటో పంపాడు. ఆమె చూసి “ఇంగ్లీషుల ఉంది. మా ఆయన దీన్ని ఏం చదువుతడు? నీ చేత్తోటి తెలుగుల రాసియ్యి. నీ రాతనే కద అందరు నమ్మింది” అంది.

జేబులోని నోట్‌బుక్కు తీసి రాశాను. రూలు రాశాను. దాని కింద, ఇది నేను వదిలేశానని, ఆ రోజు వీళ్లిద్దరిలో ఎవరి తప్పూ లేదని, అన్న మాట నాదని రాసి సంతకం పెట్టాను. పేజీ చించి ఇచ్చాను. ఆమె చదివి, ఫోనులో ఫొటో తీసి, అక్కడే పంపింది. కాగితం మడిచి చాట కింద పెట్టింది.

“మల్ల రా అమ్మా, గదికి. ఇర్ఫాన్ భాయ్ రమ్మన్నడు” అన్నాను. ఆయన అనలేదు, కానీ అంటాడు.

“రాను అన్నా. అత్తమ్మ వద్దంటదని కాదు. నాకే బుద్ధి అయితలేదు. ముక్క పెట్టేటప్పుడు పొలం సూడాలె గని, ఎవలు సూస్తున్నరు, ఏమంటరు అని సూస్తె ఆట ఆడినట్టేనా? గట్ల కంటె ఆకు కత్తిరించుడు నయం.” రెండు బీడీలు చుట్టాక మళ్లీ అంది. “ఒక్కటి అడుగుత. గా రోజు పుస్తకం బల్ల మీదనే ఉండె కద?”

“ఉండె.”

“పది నిమిషాలు ఆగుండ్రి, సూసి చెప్త అంటె మేమందరం ఆగేటోళ్లం. ఎందుకు తియ్యలే?”

నేను నోట్‌బుక్కు జేబులో పెట్టుకున్నాను. సాయవ్వ లేచింది, నేనూ లేచాను. అవ్వ “చాయ్ తాగి పోవద్దా” అంది, మర్యాదకు.

నాలుగున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సుజాతకు చెప్పాల్సిన జవాబు ఎడపల్లి దగ్గర దొరికింది. పుస్తకం తీయకపోవడానికి కారణం, నా నోట్‌బుక్కు నా చేతిలో ఉండడం. అచ్చులో ఉన్నదాని కంటే నేను రాసినదే నాకు ఎక్కువ నిజమైపోయింది. బడి చదువు లేనివాడికి తన రాత మీద ఉండే మోజు అది. గదిలో అందరూ దాన్ని నమ్ముతుంటే ఆ మోజు మొండితనంగా మారింది. గంగారాం చదవకుండానే సరిగ్గా చేశాడు, నేను చదివీ తప్పు చెప్పాను. గంగారాంకి పోయింది పెద్దగా ఏమీ లేదు, ఆయన తన ఊళ్లోనే ఆట పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం నుంచి ఆయన కొట్టంలో ఆఖరి మడికి నీళ్లు పారతాయి. సుజాతకు పోయినవి ఏడాదిన్నర ఆదివారాలు. కాగితం మీద రాసి ఇవ్వగలిగినంత ఇచ్చాను. ఆదివారాలు రాసి ఇవ్వలేను.

నిజామాబాద్‌లో బస్సు మారే ముందు ఇర్ఫాన్ భాయ్ గదికి ఎక్కాను. ఐదున్నర, బల్లలు సర్దుతున్నారు. ఏడుగురు మిగిలారు, నర్సమ్మ కూడా ఉంది. నిలబడి చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు, ఇర్ఫాన్ భాయ్ తరవాత రెండు నిమిషాలు అన్నాడు. నర్సమ్మ తన చేతిలోని పాత జిరాక్స్ తిరగేసి, వెనక ఖాళీ వైపు ఆ రూలు రాసుకుంది.

ఈ దారిన ఆటకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. తెలుగు నోట్సు ఎవరు రాసినా సరే, నేను రాసినా సరే, పెట్టెలోని అసలు పుస్తకం బల్ల మీద తెరిచి ఉంచండి, ప్రకటనల పేజీతో సహా. ఎవరినైనా మాట అనే ముందు పుస్తకం తీయండి. ఎంత ఆలస్యమైనా ఆటవాళ్లు ఆగుతారు.

ఏడున్నర దాటాక కోరుట్లలో దిగాను. చలి మళ్లీ మొదలైంది. ఇంట్లోవాళ్లు నల్లా తిప్పి పెట్టారు, పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది. మెట్లెక్కి చూస్తే మూత పొద్దున ఆనించిన చోటే, పిట్టగోడకు అలాగే ఉంది. తెచ్చి ట్యాంకు మీద పెట్టాను.